శిక్షకు వెల కట్టవచ్చునా?

సంచిక ప్రకటించేవారు ఈ యేడు కూడ నన్ను ఏదైనా వ్రాసి పంపమన్నారు. నేను పండితుణ్ణి కాను. హైస్కూలు చదువు ముగించి నాయనగారి కొట్లో త్రాసు ముందు కూర్చున్నవాణ్ణి. న్యాయశాస్త్రం నాకు రాదు. కాని ఒక మనిషి దగ్గర మరొకరికి రావలసిన పైకం ఎట్లు పుట్టింది, ఎట్లు పెరిగింది, అది చేతికి వస్తుందా రాదా అనే సంగతిలో మాత్రం ముప్పయి ఐదు సంవత్సరాల అనుభవం ఉంది. ఆ కొద్దిపాటి అనుభవంతో న్యాయస్థానపు జమాఖర్చును గురించి నాలుగు మాటలు వ్రాయ సాహసిస్తున్నాను. పొరపాట్లుంటే వకీలు వృత్తిలో ఉన్న మన పిల్లలు దిద్దుదురు గాక.

ఈ ఆలోచన పుట్టడానికి కారణం మా అన్నగారి కుమారుడు. అతడు అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒకనాటి సాయంత్రం తొందరపడి, ఎర్రదీపం వెలుగుతుండగానే కారును కూడలి దాటించాడట. కొన్నాళ్ళకు ఇంటికి కాగితం వచ్చింది. ఆ తప్పుకు అసలు జరిమానా 100 డాలర్లు. కట్టవలసిన మొత్తం మాత్రం 490 డాలర్లు. "చిన్నాయనా, ఇదేమి లెక్క? మన ఊళ్ళో మీటరు వడ్డీ కూడ ఇంత కాదే!" అని ఫోనులో మొరపెట్టుకున్నాడు. "పద్దులు ఎక్కడైనా ఉంటాయి, వెదికి చదవరా" అన్నాను. కోర్టువారి పట్టిక చూచి చదివాడు.

అసలు జరిమానాలో ప్రతి 10 డాలర్లకు రాష్ట్రానికి 10, కౌంటీకి 7, డి.ఎన్.ఎ. పరీక్షల నిధికి 5, కోర్టు భవనాల నిర్మాణానికి 5, అత్యవసర వైద్యసేవకు 2. అంటే నూటికి 290 అయింది. అసలు మీద నూటికి ఇరవై చొప్పున అదనపు రుసుము 20. కోర్టు నిర్వహణకు 40. నేరం రుజువైనందుకు 35. ఇంకా నాలుగైదు డాలర్ల చిల్లర. కూడితే 490కి సరిపోయింది. లెక్కలో పొరపాటు లేదు.

మన మండీలో పట్టీ వ్రాసేటప్పుడు సరుకు ధర వేసి, దానిక్రింద హమాలీ, కాటా కూలి, దలాలీ, సెస్సు అని వరుసగా వేస్తాము. కనుక ఈ విధమైన కాగితం మనకు క్రొత్త కాదు. అయితే మన పట్టీ నచ్చనివాడు ప్రక్క కొట్టుకు పోవచ్చు. కోర్టుకు ప్రక్క కోర్టు లేదు. మన పట్టీలో ధర కంటె ఖర్చులు నాలుగు రెట్లయితే సాయంత్రానికి కొట్టు ముందు గుంపు చేరుతుంది. మా అన్నగారి కుమారుడు సంపాదనపరుడు గనుక విసుక్కుని ఆ రాత్రే కట్టివేశాడు. అతని సంగతి అంతటితో సరి. నాకు నిద్ర పట్టనిది వేరొక ప్రశ్నతో. శిక్షలో భాగమైనది ఎంత? వెల ఎంత?

జరిమానా అంటే తప్పుకు శిక్ష. దానిని విధించే ముందు తప్పు పెద్దదా చిన్నదా, చేసినవాడు తెలిసి చేశాడా తెలియక చేశాడా అని చూస్తారు. రుసుము అట్లా కాదు. గుమాస్తా కాగితం వ్రాశాడు, జవాను పేరు పిలిచాడు, గదిలో దీపం వెలిగింది, దానికైన ఖర్చు ఇంత అని వేస్తారు. అందులో మనిషి గుణదోషాల ప్రసక్తి లేదు. ఈ రెండింటిని ఒకే కాగితం మీద కలిపితే చూచేవానికి అంతా శిక్షగానే కనబడుతుంది, పుచ్చుకునేవానికి అంతా రాబడిగానే కనబడుతుంది.

పూర్వులకు ఈ భయం లేకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ఇన్ని పణాలు, అన్ని పణాలు అని దండనలు పుటలకొద్దీ ఉన్నాయి. ఖజానా నింపే విషయంలో ఆయనకు మొగమాటం లేదు. అట్టివాడు కూడ, దండించరానివాణ్ణి రాజు దండిస్తే దానికి ముప్పయి రెట్లు నీటిలో వరుణునికి అర్పించాలని, పిమ్మట దానిని బ్రాహ్మణులకు ఇవ్వాలని విధించాడు. తిరిగి ఖజానాకు చేర్చమనలేదు. తప్పుడు దండన వల్ల రాజుకు ఒక్క పణమైనా మిగలకూడదని ఆయన ఉద్దేశమని నేననుకుంటాను.

దండనలో లాభం మిగిలితే ఏమవుతుందో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఫెర్గూసన్ అనే చిన్న పట్టణం చూపించింది. అక్కడి జనాభా సుమారు 21,000. 2014 ఆగస్టులో ఒక యువకుణ్ణి పోలీసు ఉద్యోగి కాల్చి చంపిన మీదట కేంద్ర న్యాయశాఖ విచారణ జరిపి 2015 మార్చిలో నివేదిక ప్రకటించింది. అందులో పోలీసుల ప్రవర్తనతో పాటు పట్టణపు లెక్కలు కూడ బయటపడ్డాయి. 2015వ ఆర్థిక సంవత్సరానికి పట్టణం అంచనా వేసిన సాధారణ రాబడి సుమారు 1 కోటి 33 లక్షల డాలర్లు. అందులో జరిమానాలు, కోర్టు రుసుముల వల్ల రావలసినది సుమారు 31 లక్షలు. అంటే రూపాయిలో దాదాపు పావలా. 2010లో పట్టణ ఆర్థికాధికారి పోలీసు అధిపతికి వ్రాస్తూ, చలానాలు బాగా పెంచకపోతే వచ్చే యేడు వసూళ్ళు పెంచడం కష్టమని హెచ్చరించాడట. ఆ ఉత్తరాన్ని మనమైతే ఎవరికి వ్రాస్తాము? మన అమ్మకపు గుమాస్తాకు వ్రాస్తాము.

ఆ నివేదికలోనే ఒక స్త్రీ కథ ఉంది. పేరు ఇవ్వలేదు. 2007లో ఆమె కారును నిలుపరాని చోట నిలిపింది. రెండు చలానాలు, 151 డాలర్ల జరిమానా, పైన రుసుములు. ఆమె బీదరాలు, కొంతకాలం నిలువ నీడ లేక తిరిగినది. వాయిదాకు రాలేదని, పైకం కట్టలేదని మళ్ళీ మళ్ళీ కేసులు, వాటికి మళ్ళీ రుసుములు. రెండుసార్లు అరెస్టయింది. ఆరు రోజులు జైలులో ఉంది. 550 డాలర్లు కట్టింది. 2014 డిసెంబరు నాటికి ఇంకా 541 డాలర్లు బాకీ ఉంది.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించిన ముక్క వేరొకటి. ఆమె ఒకసారి 25 డాలర్లు, ఇంకొకసారి 50 డాలర్లు కోర్టుకు పంపింది. మొత్తం కట్టలేదని కోర్టువారు ఆ పైకం త్రిప్పి పంపారు. చదువరులారా, మనలో ఎవరైనా ఎన్నడైనా పాత బాకీదారు తెచ్చిన పాతిక రూపాయలు త్రిప్పి పంపామా? మనం వసూలు కోరతాము గనుక వచ్చినది జమ చేసుకుంటాము. ఆ కోర్టు పాతికను త్రిప్పి పంపింది, పైగా బాకీ పెంచుకుంటూ పోయింది. దానికి వ్యాపారమూ తెలియదు, న్యాయమూ తెలియదు అనుకోవాలి. 2014 చివర ఆ పట్టణపు కోర్టు నుంచి అమలుకాని అరెస్టు వారెంట్లు ఉన్నవారు 16,000 మందికి పైగా ఉన్నారు. వారిలో చుట్టుప్రక్కల ఊళ్ళవారూ ఉన్నారు గాని, 21,000 మంది ఉన్న పట్టణానికి అది ఎంత లెక్కో ఆలోచించండి.

2015లోనే మిస్సోరి శాసనసభ చట్టం చేసింది. పట్టణాలు తమ రాబడిలో ట్రాఫిక్ జరిమానాల భాగాన్ని నూటికి 30 నుంచి 20కి తగ్గించుకోవాలన్నది. ఫెర్గూసన్ ఉన్న కౌంటీకి మాత్రం పన్నెండున్నరే అన్నది. ఒక్క కౌంటీకి వేరు నియమం చెల్లదని 2017లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు కొట్టివేయగా అందరికీ 20 నిలిచింది. చిన్న ట్రాఫిక్ తప్పులకు జరిమానా రుసుములు కలిసి 300 డాలర్లు మించరాదని పెట్టి, మరుసటి యేడు దానిని 225కు దించారు. హద్దు పెట్టడం మంచిదే. కాని నూటికి ఇరవై పాళ్ళు దండనల వల్ల సంపాదించవచ్చునని చట్టంలో వ్రాసుకోవడం కూడ కొంచెం వింతగానే ఉంది.

ఈ వివాదం నిన్న మొన్న పుట్టినది కాదు. ఇంగ్లాండులో 1215లో రాజు చేత ఒప్పించిన మాగ్నా కార్టాలో ఒక నిబంధన ఉంది. జరిమానా తప్పుకు తగినట్లుండాలి, స్వతంత్రుని జీవనోపాధిని మ్రింగరాదు, రైతుకు అతని సేద్యపు సాధనాలు మిగలాలి, వర్తకునికి అతని సరుకు మిగలాలి అని దాని తాత్పర్యం. ఎనిమిది వందల సంవత్సరాల క్రిందటి రాజులకు కూడ వర్తకుణ్ణి దండించినా కొట్టులో సరుకు ఉండనివ్వాలని తోచింది. సరుకు పోతే మరునాడు దండన కట్టడానికి కూడ వాడు ఉండడు గదా. 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు ఇండియానా రాష్ట్రపు కేసులో, మితిమీరిన జరిమానాలను నిషేధించే రాజ్యాంగ నియమం రాష్ట్రాలకు కూడ వర్తిస్తుందని తీర్పు చెబుతూ ఈ పాత నిబంధననే జ్ఞాపకం చేసింది. ఆ కేసులో నేరానికి గరిష్ఠ జరిమానా 10,000 డాలర్లు కాగా ప్రభుత్వం పట్టుకున్న కారు ఖరీదు 42,000 డాలర్లు.

అంతకుముందు 1983లో జార్జియా రాష్ట్రపు కేసు ఒకటి వచ్చింది. దొంగతనపు నేరాలు ఒప్పుకున్న ఒక యువకునికి 500 డాలర్ల జరిమానా, 250 డాలర్ల నష్టపరిహారం వేసి జైలు లేకుండా విడిచిపెట్టారు. అతడు తల్లిదండ్రుల వద్ద అప్పు చేసి 200 కట్టాడు. సుమారు నెల తరువాత పని పోయింది. చదువు రాదు, వేరే పని దొరకలేదు. మిగిలినది కట్టలేదని జైలులో పెట్టారు. కట్టగలిగీ కట్టనివాడు వేరు, కట్టలేక కట్టనివాడు వేరు, ఆ సంగతి విచారించకుండా జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ తేడా మన వీథిలో కుర్ర గుమాస్తాకు కూడ తెలుసు. ఎగవేతదారును ఒక విధంగా అడుగుతాము, చితికిపోయినవాణ్ణి ఒక విధంగా అడుగుతాము. అయినా ఆ తీర్పు వచ్చిన ముప్పయి యేండ్లకు ఫెర్గూసన్‌లో జరిగినది పైన వ్రాశాను.

ఇక కాలిఫోర్నియాకు వస్తాను. మా వాడి కాగితంలోని పద్దులు కాక అక్కడ వేరొక రకం రుసుములుండేవి. అరెస్టు చేసి పేరు వ్రాసుకున్నందుకు రుసుము. శిక్షకు బదులు పర్యవేక్షణలో ఉంచితే ఆ పర్యవేక్షణకు రుసుము. ఇంటిలోనే ఉంచి కాలికి యంత్రం తగిలిస్తే దానికి అద్దె. అన్నిటికంటె చిత్రం వకీలు రుసుము. బీద ముద్దాయికి ప్రభుత్వమే వకీలును ఇవ్వాలని 1963లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఉచిత వకీలు కావాలని పేరు వ్రాయించుకోవడానికి 50 డాలర్ల వరకు పుచ్చుకోవచ్చునని కాలిఫోర్నియాలో నియమం ఉండేది. అన్నసత్రం గుమ్మంలో టిక్కెట్టు అమ్మినట్లు!

ముందుగా పిల్లల విషయం సర్దారు. బాలనేరస్థులను నిర్బంధంలో ఉంచినందుకు వారి తల్లిదండ్రుల వద్ద రోజు లెక్కన పుచ్చుకునే రుసుములను 2018 జనవరి 1 నుంచి ఎత్తివేశారు. పిమ్మట 2020 సెప్టెంబరులో గవర్నరు సంతకం చేసిన చట్టం 23 రకాల రుసుములను రద్దు చేసింది. అది 2021 జూలై 1 నుంచి అమలైంది. 2021లో చేసిన మరొక చట్టం ఇంకొక 17 రకాలను 2022 జనవరి 1 నుంచి తీసివేసింది. వాయిదాకు రాని, పైకం కట్టని వారికి అదనంగా వేసే 300 డాలర్లను 2022లో 100కు తగ్గించి, అంతకు ముందువి వదలివేశారు. ముందుకు వేయకుండా ఉండడమే కాదు, ఈ రుసుముల క్రింద ఇదివరకే పడిన బాకీలను కూడ వసూలు చేయరాదని వ్రాశారు. 2020 చట్టం వల్ల అట్లా మాసిపోయిన బాకీ 1,600 కోట్ల డాలర్లకు పైమాటేనని లెక్క కట్టారు. కౌంటీలకు తగ్గే రాబడికి బదులుగా రాష్ట్ర ఖజానా నుంచి కొన్నేండ్లపాటు ఏడాదికి ఆరున్నర కోట్ల డాలర్లు ఇచ్చే ఏర్పాటు చేశారు.

ఈ రెండు అంకెలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడండి. చిట్టాలో 1,600 కోట్లు. చేతికి రాకుండా పోయినందుకు ఇచ్చినది ఏడాదికి ఆరున్నర కోట్లు. మొండి బాకీల ఖాతా చూచినవాడెవడైనా చెబుతాడు, ఆ 1,600 కోట్లు ఎన్నడూ ఆస్తి కాదని. అది కాగితం మీద బరువు మాత్రమే. అయితే ఆ బరువు కాగితం మోయలేదు, మనుష్యులు మోశారు.

మిగతా రాష్ట్రాలు కూడ తలొక దారి పట్టాయి. ఇల్లినాయిలో 2019 జూలై నుంచి అమలైన చట్టం ఆదాయాన్ని బట్టి తగ్గింపు పెట్టింది. దారిద్ర్యరేఖకు రెండింతల లోపు ఆదాయం ఉన్నవారికి పూర్తి మినహాయింపు, అక్కడి నుంచి మెట్టు మెట్టుగా ముప్పాతిక, సగం, పావు. నెవాడాలో చిన్న ట్రాఫిక్ తప్పులు 2023 జనవరి నుంచి నేరాలు కాకుండా పోయాయి. న్యూమెక్సికో 2023లో చట్టం చేసి, శిక్ష పడిన మీదట వేసే రుసుములను ఎత్తివేసింది. ఐరోపాలో ఫిన్లాండు 1921 నుంచే జరిమానాను రోజు ఆదాయం లెక్కన కొలుస్తున్నది. ఒకే తప్పుకు కూలివాడు కూలివాని లెక్కన, యజమాని యజమాని లెక్కన కట్టాలి. మన వర్తక సోదరులలో కొందరికి ఇది రుచించదని నాకు తెలుసు.

నిజం చెప్పాలంటే మా అన్నగారి కుమారుడు ఈ చట్టాలను గురించి మొదట చెప్పినప్పుడు నాకూ రుచించలేదు. "తప్పు చేసినవాని ఖర్చు తప్పు చేయనివాడు ఎందుకు భరించాలిరా?" అన్నాను. కోర్టు నడవాలి, జైలులో కూడు పెట్టాలి, ఇవన్నీ ఊరకే రావు. రోజంతా దుకాణంలో కూర్చుని పన్ను కట్టేవాని నెత్తిన ఆ భారం వేయడం ధర్మమా? ఈ వాదం నేటికీ తేలికగా తీసివేయదగినది కాదని నా అభిప్రాయం. ఇంకొక చిక్కు కూడ ఉంది. చట్టం రాకముందు అప్పో సప్పో చేసి రుసుములన్నీ కట్టినవానికి పైకం తిరిగి ఇవ్వలేదు. కట్టనివాని బాకీ మాసిపోయింది. నిజాయితీగా కట్టినవాడు మోసపోయినట్లు కాదా? దీనికి నాకు తృప్తికరమైన జవాబు నేటివరకు దొరకలేదు. తప్పు ఎప్పుడో ఒకప్పుడు ఆపవలసిందే, ఆపిన రోజుకు ముందువాడు నష్టపోకతప్పదు అని మాత్రం సమాధానపడ్డాను.

కాని మొదటి ప్రశ్నకు వర్తకుని లెక్క ఒకటి ఉంది. బ్రెన్నన్ సెంటర్ అనే న్యాయపరిశోధన సంస్థ టెక్సాస్, ఫ్లారిడా, న్యూమెక్సికో రాష్ట్రాలలో పది కౌంటీల లెక్కలు తీసి 2019లో ప్రకటించింది. వాటిలో టెక్సాస్, న్యూమెక్సికో కౌంటీలలో జరిమానా రుసుముల క్రింద వచ్చే ప్రతి డాలరుకు కోర్టు విచారణలకు, జైలుకు కలిసి 41 సెంట్లకు పైగా ఖర్చయిందట. న్యూమెక్సికోలోని ఒక కౌంటీలో డాలరు వసూలుకు కనీసం ఒక డాలరు 17 సెంట్లు. నూరు రూపాయల బాకీకి నూటపదిహేడు రూపాయలు ఖర్చుపెట్టి మనిషిని త్రిప్పే వర్తకుణ్ణి ఇంట్లోవాళ్ళే తాళం చెవులు అడుగుతారు. ఆ కౌంటీలో పన్ను కట్టేవాని మీద భారం తగ్గలేదు, పెరిగింది.

లెక్క సంగతి అట్లుంచి, అసలు కీలకం వేరొక చోట ఉందని నాకు తోస్తుంది. అమ్మేవాడు అమ్మకం పెరగాలని కోరతాడు. అది పాపం కాదు, వర్తక స్వభావం. కందిపప్పు అమ్ముకునే నాకు ఊళ్ళో ప్రతి పూటా పప్పు వండాలని ఉంటుంది. వైద్యుడు తన ఇంటి బియ్యం రోగుల వల్ల వస్తున్నా రోగాలు పెరగాలని కోరకూడదంటాము, అది అతని ధర్మం. శిక్ష వేసే స్థానం అంతకంటె ఎత్తయినది. దాని నెల జీతం నేరస్థుని జేబులోంచి వస్తుంటే, నేరస్థులు తగ్గిన యేడు ఆ స్థానానికి కరవు వచ్చినట్లే. అందుచేత కోర్టు ఖర్చు అందరూ కలిసి భరించాలనడం నేరస్థుని మీద జాలితో కాదు. న్యాయాధిపతిని నావంటి కొట్టువాడుగా మారనివ్వకూడదని. దెబ్బతిన్నవానికి ఇప్పించే నష్టపరిహారం మాత్రం వేరు. అది వెల కాదు, అచ్చమైన బాకీ. కాలిఫోర్నియావారు కూడ ఆ 2020 చట్టంలో దాని జోలికి పోలేదు, జరిమానా జోలికీ పోలేదు. అందువల్లనే మా వాడి 490 డాలర్ల కాగితం ఈ చట్టాలన్నీ వచ్చిన తరువాత కూడ వచ్చింది.

ఇంతవరకు దూరదేశపు మాటలు. ఇవన్నీ వింటుంటే నాకు మా కొట్టుదే ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. ఇరవై యేండ్లుగా ఎవరికీ చెప్పలేదు.

2004వ సంవత్సరం. మా సరుకు తోలే లగేజీ ఆటో అతనొకడుండేవాడు. బండి ఫైనాన్సు మీద కొన్నది. అర టన్ను తోలవలసిన బండిలో ఆ రోజు నేను పదునాలుగు బస్తాలు వేయించాను. బస్తా యాభై కిలోలు, మొత్తం ఏడు క్వింటాళ్ళు. రెండు మార్లు తోలితే రెండు బాడుగలవుతాయని నా ఆశ. "బరువు ఎక్కువైంది సేటూ" అని అతడు అననే అన్నాడు. "దగ్గరే కదా, మెల్లగా పో" అన్నాను. దిగుడులో బ్రేకు ఆగక సైకిలు మీద పోయేవాణ్ణి తగిలాడు. అతనికి చేయి గీరుకుపోయింది, అంతకుమించి ప్రమాదం జరగలేదు. అజాగ్రత్తగా నడిపినందుకు, దెబ్బ తగిలించినందుకు కేసయింది. ఒప్పుకుంటే త్వరగా తెమిలిపోతుందని ఎవరో చెప్పగా ఒప్పుకున్నాడు. జరిమానా 1,500 రూపాయలు. కట్టకపోతే పదిహేను రోజుల ఖైదు.

మధ్యాహ్నం అతని భార్య కొట్టుకు వచ్చింది. "సేటూ, పదహైదు నూర్లు ఇప్పించండి. బాడుగల్లో పట్టుకోండి" అన్నది. అప్పటికే అతని ఖాతాలో మూడువేల అడ్వాన్సు ఉంది. ఖాతా తీసి చూపాను. "ఇదే తీరలేదమ్మా. అయినా తప్పు చేసినవాడు అనుభవిస్తేనే తెలిసివస్తుంది" అన్నాను. ఆ మాట నాకు అప్పుడు ధర్మంగానే తోచింది. గల్లా పెట్టెలో ఆ పైకం లేక కాదు. పదునాలుగు బస్తాలు వేయించినది ఎవరు అని ఆమె అడగలేదు. బహుశా ఆమెకు తెలియదు. అతడు కోర్టులో కూడ చెప్పలేదు.

పదిహేను రోజులు లోపల ఉండి వచ్చాడు. ఆ నెల కంతు తప్పింది, మరుసటి నెలదీ తప్పింది. ఫైనాన్సువారు బండి పట్టుకుపోయారు. మాగ్నా కార్టాలో రైతుకు సేద్యపు సాధనాలు మిగలాలన్న ముక్క చదివినప్పుడు నాకు ఆ ఆటోయే కళ్ళకు కట్టింది. జరిమానా 1,500. పోయినది బండి. ఆ యేడు మన క్షమాపణ పర్వం నాడు తెలిసినవారి ఇళ్ళన్నిటికీ తిరిగాను. వాళ్ళ సందు వైపు మాత్రం పోలేదు.

ఇన్నాళ్ళ తరువాత మా వీథిలోని వకీలుగారిని అడిగితే నాకు తెలియని సంగతులు చాలా చెప్పారు. అప్పటి నేరవిచారణ స్మృతి ప్రకారం జరిమానా మాత్రమే శిక్ష అయినచోట కోర్టు ముప్పయి రోజుల గడువు ఇవ్వవచ్చు, రెండు మూడు వాయిదాలలో కట్టనివ్వవచ్చు. అడగాలి, అంతే. వాయిదాల మీద బ్రతికేవాణ్ణి నేను, నాకు ఆ మాట తట్టలేదు. 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఇంకొక మేలైన నియమం ఉంది. జరిమానా కట్టక లోపల ఉన్నవాడు కొంత భాగం కడితే దానికి తగినట్లు ఖైదు తగ్గిపోతుంది. నూరు రూపాయల జరిమానాకు నాలుగు నెలలు పడినవాడు నెల లోపల డెబ్బయి అయిదు కడితే నెలకే బయటికి వస్తాడని ఉదాహరణ కూడ అందులో వ్రాసి ఉందట. అంటే మన చట్టం పాతిక రూపాయలనైనా త్రిప్పి పంపదు, జమ వేసుకుంటుంది. 1870 నాటి కోర్టు ఫీజుల చట్టం కూడ ఖైదీ పెట్టుకునే అర్జీకి స్టాంపు అక్కరలేదని మినహాయించింది. పరాయి ప్రభుత్వం తన రాబడి కోసం చేసిన చట్టమే అయినా ఖైదీ దగ్గర స్టాంపు డబ్బు పుచ్చుకోవడానికి సంకోచించింది.

అయితే చట్టంలో ఉండడం వేరు, సందులో ఉన్నవానికి తెలియడం వేరు. జరిమానా కట్టలేక, జామీను పైకం లేక జైళ్ళలో మిగిలిపోయినవారి కోసం కేంద్ర ప్రభుత్వం 2023లో ఒక పథకం పెట్టింది. శిక్ష పడినవానికి జరిమానా కోసం 25,000 రూపాయల వరకు, విచారణలో ఉన్నవానికి జామీను కోసం 40,000 వరకు ఇవ్వవచ్చునని అప్పుడు నిర్ణయించారు. 2024 జూలై 1 నుంచి అమలైన క్రొత్త న్యాయసంహితలో కొన్ని చిన్న నేరాలకు సమాజసేవను కూడ శిక్షగా చేర్చారు. మన సంఘంవారు ఏటా పుస్తకాలకు, మందులకు నిధులు తీస్తారు. ఊళ్ళో జైలు ఉన్నచోట ఒక పెద్దమనిషి వెళ్ళి, వెయ్యి, రెండువేలు లేక లోపల ఉన్నవారెవరైనా ఉన్నారా అని అధికారులను అడిగి, ఆ కాగితం పని చేయించి పెడితే ఖర్చు పెద్దగా ఉండదు. ఈ మాట కార్యవర్గం వారికి వేరుగా కూడ వ్రాశాను.

2011లో ఆ ఆటో అతడు ఒకనాడు కొట్టుకు వచ్చాడు. వేరే ఊళ్ళో హమాలీ పనిలో కుదిరానని, పాత మూడువేలు తీరుస్తానని చెప్పాడు. నెలకు రెండు నూర్ల చొప్పున పదిహేను నెలలు తెచ్చి ఇచ్చాడు. నేను ప్రతి నెలా పుచ్చుకున్నాను, జమ వ్రాశాను. చివరి రెండు నూర్లు ఇచ్చిననాడు ఖాతా చూపమన్నాడు. చూపాను. కొట్టివేసిన పద్దు మీద వేలు పెట్టి చూచుకుని, "సరిపోయింది సేటూ" అని వెళ్ళాడు.